మొదటి కాఫీ ఎవరికి

జాబ్రియాలోని ఆ ఇంట్లో మద్దమ్మకు ఇద్దరు యజమానులు. అవసరానికి చూస్తే ఒక్కడూ లేడు.

పెద్దాయన, ఆమెకు వీసా ఇచ్చి పూచీపడ్డ కఫీల్, భార్యాబిడ్డలతో సెలవులకని లండన్ వెళ్లాడు. ఆ వెనకే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆయన ఇక తిరిగి రాలేదు. ఆయన తమ్ముడు జాసిమ్, తన ఇంటిని సైనికులు ఆక్రమించుకున్నారని పెట్టేబేడా సర్దుకుని ఇక్కడికి వచ్చిపడ్డాడు. వచ్చిన రోజే అన్న కుర్చీలో కూర్చున్నాడు, అన్న మంచం మీద పడుకున్నాడు, అన్న తాళాలగుత్తి జేబులో వేసుకున్నాడు. తక్కిన పనివాళ్లు ఎటు వాళ్లు అటు పోయారు. వంటా, ఊడ్పూ, ఉతుకూ మద్దమ్మ ఒక్కతె మీదే పడ్డాయి. అన్న లేనప్పుడు తమ్ముడే పెద్ద కదా అని ఆమె నోరెత్తకుండా చేసింది.

ఇంతలో నూర్ బాషా కబురు తెచ్చాడు. రాయచోటివాడే, అల్ రాయ్‌లో ఒక షెడ్డుకు పికప్ నడుపుతాడు.

"అక్కా, మనోళ్లను జోర్డానుకు తీసుకపోయే బస్సు రేప్పొద్దున పోతాంది. ఆడినుంచి ఇమానమంట. పాస్‌పోర్టు ల్యాకుంటే మాత్రం దాటనీరంట."

మద్దమ్మ పాస్‌పోర్టు పడకగదిలో ఇనుప బీరువాలో ఉంది. ఆమె కువైట్‌లో దిగిన రోజే మామా, అంటే ఇంటి యజమానురాలు, తీసుకుని అందులో పెట్టి తాళం వేసింది.

జాసిమ్‌ను అడిగింది. అతను రేడియో మీది నుంచి చూపు తిప్పలేదు.

"నీ కఫీల్‌ను నేను కాదు, మా అన్న. ఆయన మాట లేకుండా నీ కాగితాలు నేనెట్లా ఇస్తాను? చట్టం ఒప్పుకోదు. ముందు నా దిష్దాషా ఇస్త్రీ చెయ్యి."

ఇస్త్రీపెట్టె కన్నా ముందు ఆమె ఒళ్లు కాలింది.

వేరే దారి ఉందేమో చూద్దామని నూర్ బాషా ఆమెను పికప్‌లో ఎక్కించుకుని పోలీస్ స్టేషన్లో ఇరాకీలు కొత్తగా పెట్టిన కచేరీకి తీసుకెళ్లాడు. కువైట్ ఇప్పుడు ఇరాక్‌లో ఒక రాష్ట్రమని చాటించి, దానికొక గవర్నరును వేసి ఉన్నారు. పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లు దేశం దాటాలంటే ఆ గవర్నరే చీటీ ఇవ్వాలట.

"ఇప్పించండి సార్," అన్నాడు నూర్ బాషా ఉర్దూ కలిసిన అరబ్బీలో.

"గవర్నరు బాగ్దాద్ వెళ్లాడు," అన్నాడు గుమాస్తా.

"ఆయన బదులు ఎవరు?"

గుమాస్తా పక్క బల్ల దగ్గరి అధికారి వైపు చూశాడు. అధికారి గడ్డం గోక్కున్నాడు. "డిప్యూటీ ఉన్నాడు. గవర్నరు చనిపోతే ఆయన కూర్చుంటాడు, అది రాసుంది. ఊరికెళితే ఆయన సంతకం చెల్లుతుందా లేదా అన్నది రాయలేదు. బాగ్దాద్‌ను అడగాలి. ఖలాస్, పొండి."

బయటికి వచ్చేసరికి సైనికుడొకడు పికప్ డోరు తెరిచి స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. తాళం ఇమ్మని చెయ్యి చాపాడు. ఎవరి హుకుం అంటే, గవర్నరు హుకుం అన్నాడు. తుపాకీ ఒళ్లోనే ఉంది. నూర్ బాషా తాళం ఇచ్చాడు.

ఎండలో నడుస్తూ అతను పళ్లు కొరికాడు. "చూడక్కా! సంతకానికి ల్యాని గవర్నరు నా బండికాడికి ఎట్ల వచ్చినాడు? పెరుక్కోడానికి ఉండాడు, ఇయ్యడానికి ల్యాడా?"

మద్దమ్మ రోడ్డు మీదే ఆగిపోయింది.

"మా ఇంట్లోనూ అదే కత బాషా."

"మరేం జేస్తావు?"

"కాఫీ పోస్తా."

ఎండదెబ్బ తగిలిందేమోనని అతను ఆమె మొహంలోకి చూశాడు.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిచింది. మూత లోపల రాయచోటి వీరభద్రస్వామి పటం అంటించి ఉంది. "స్వామీ, బీరువా పగలగొడితే దొంగతనం. నా వస్తువు నాకియ్యకుండా పెట్టుకునేది మాత్రం దొంగతనం కాదా?" అని దండం పెట్టుకుంది.

సాయంత్రం కర్ఫ్యూకు ముందు చుట్టుపక్కల పెద్దలు నలుగురు దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చునే ముందు గదిలో, చేరారు. మద్దమ్మ ఎడమచేత ఇత్తడి కూజా, కుడిచేత చిన్న కప్పులు పట్టుకుని వచ్చింది. ఆ మర్యాదలన్నీ మామా నేర్పినవే. మొదటి కప్పు బాబా, అంటే ఇంటి యజమాని, రుచి చూడాలి, తర్వాతే అతిథులకు. కప్పు అడుగున కాస్తే పోయాలి. నిండా పోశామంటే తాగేసి లేచి పొమ్మన్నట్టు.

జాసిమ్ చెయ్యి చాపాడు. ఆమె పోయలేదు.

"పొయ్యి," అన్నాడు.

"ఈ ఇంటి బాబా ఎవరు?" వచ్చీరాని అరబ్బీలో అడిగింది.

"పిచ్చెక్కిందా?"

"మొదటి కాఫీ బాబాకే ఇయ్యాలని మామా చెప్పింది. పొద్దున నువ్వు నా కఫీల్ కాదన్నావు. మరి ఎవరికి పొయ్యాలి?"

జాసిమ్ నలుగురి ముందూ అన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాదంటే ఎట్లా?

"నేనే బాబాను! పొయ్యి, యల్లా!"

"అయితే బాబా, నా పాస్‌పోర్టు ఇయ్యి. పని చెప్పేటప్పుడు అన్న బదులు నువ్వు. విడిచిపెట్టేటప్పుడు నువ్వు కాదా? ఆ ఇరాకీ కచేరీ వాళ్లూ ఇట్లే చెప్పినారు."

ఆ చివరి మాట తగలవలసిన చోట తగిలింది. తెల్లగడ్డం అబూ మర్జూక్ పొరుగింటాయన. ఆయన కారును సైనికులు తోలుకుపోయి వారం కాలేదు.

"జాసిమ్, వాళ్లతో పోల్చుతోంది నిన్ను," అన్నాడు మెల్లగా. "కుర్చీ కావాలా వద్దా చెప్పు. కావాలంటే తాళం తియ్యి."

జాసిమ్ మొహం కందగడ్డయింది. జేబులోంచి గుత్తి తీసి ఆమె కాళ్ల దగ్గరికి విసిరాడు.

మద్దమ్మ వంగలేదు. "ఇంటి తాళాలు బాబావి. నువ్వే వచ్చి తియ్యి," అంది.

అబూ మర్జూక్ కర్ర చప్పుడు చేశాడు. జాసిమ్ లేచాడు, వంగాడు, గుత్తి తీసుకుని లోపలికి నడిచాడు. బీరువా కిర్రుమంది. పాస్‌పోర్టు తెచ్చి చేతికిచ్చాడు. ఆమె ఫొటో చూసుకుని, రవికలో దోపుకుని, కుర్చీలో కూలబడ్డ జాసిమ్ ముందు కూజా వంచింది.

మొదటి కప్పు అంచుదాకా నింపి ఇచ్చింది.