ముట్టిన పావు

ఆ ఉదయం ఆకాశం పలచటి సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. చొక్కా బొత్తాలు తడిమి పెట్టుకుంటూ, "మంచు బాగా పట్టిందే" అన్నాడు గంగాప్రసాద్.

"మంచెక్కడిదండీ! ఎండ మొహాన కొడుతుంటేను" అంది భార్య సుధామణి. అనేసి నాలుక కరుచుకుంది.

కుడికన్ను పోయి ఏడాదయింది. ఎడమది వేసవి దాకా ఆగదన్నాడు డాక్టరు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా గేర్‌బాక్సులు విప్పి బిగించిన ఫిట్టరతను. వెంట్రుకవాసి తేడా అయినా బొటనవేలే చెబుతుంది. చదరంగం దగ్గర ఆ వేలు పనికిరాదు. కంటి సంగతి పోటీలో ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడి ఆడతారు.

భవానీపురం కల్యాణమండపంలో ఆఖరి రౌండు. ఎదురుగా వెంకటకృష్ణారావు, రిటైరయిన లెక్చరరు. పద్దెనిమిదేళ్ళలో పదకొండుసార్లు తలపడ్డా ఆయన మీద ఒక్క గెలుపూ లేదు. ఇవాళ కాకపోతే ఇక లేదు. నల్లపావులతో సిసిలియన్ డ్రాగన్ ఎత్తుకున్నాడు. కాచుకుంటూనే కత్తి దూసే ఆట అది.

"మళ్ళీ డ్రాగనేనా ప్రసాద్‌గారూ? అది ఎప్పుడూ మిమ్మల్నే కరుస్తుంది కదండీ!"

"కరవనివ్వండి మాస్టారూ. ఇంకొక్క కాటుకి ఓపికుంది."

గడియారంలో ఐదు నిమిషాలు మిగిలేసరికి ఎత్తులు రాసుకోవడం ఆపేశాడు. తెల్లరాజు ఇరుకున పడ్డాడు. రాజు ముందు గడిలో ఒక తెల్లటి మసక. బంటా, శకటా? బంటయితే పక్కగడిలో ఏనుగును బలిచ్చి మూడెత్తుల్లో ఆటకట్టు. శకటయితే అడ్డుపడి తననే ముంచుతుంది.

చెయ్యి దానంతటదే లేచింది. శకటు తలమీద గాటుంటుంది, బంటుది నున్నటి గుండు. ఒక్కసారి తాకితే చాలు. కానీ ఎదుటివాడి పావు ముట్టుకుంటే దాన్నే కొట్టాలి. ఆట అక్కడితో సరి. పోనీ అడగొచ్చు. అడిగితే కంటి సంగతి బయటపడుతుంది.

గాల్లో ఆగిన వేళ్ళు వెనక్కొచ్చి మంత్రిని పట్టుకున్నాయి. చెక్. మళ్ళీ చెక్. పావులు మూడోసారీ అవే గళ్ళలోకొచ్చాయి; అలా వస్తే ఆట సమానం. డ్రా.

భోజనాల దగ్గర రావుగారు నవ్వారు. "ఏనుగును బలిచ్చి ఉంటే నా పని అయిపోయేదే. జాలిపడ్డారేంటండీ?"

ఆవకాయ కోసం తడుముతున్న గంగాప్రసాద్ చెయ్యి నీళ్ళగ్లాసును పడగొట్టింది.

రావుగారి నవ్వు ఆగిపోయింది. ఆటలో తన రాజు ముందు గాల్లో ఆగింది ఈ చెయ్యే. లేచి వెళ్ళి, బోర్డు మీద రాజు ముందున్న ఆ పావును తెచ్చి అతని ఎడమ అరచేతిలో పెట్టారు.

బొటనవేలు తలచుట్టూ తిరిగింది. గాటు లేదు.

"ఇక పోటీలకు పేరివ్వను మాస్టారూ."

రావుగారు ఆవకాయను అతని వేళ్ళ కిందికి జరిపారు. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. విస్తళ్ళు తీసేశాక, తడిసిన బల్లమీద ఆ తెల్లబంటు ఒక్కటే నిలబడి ఉంది.