స్వామి ఆకలి

సాయంత్రం ఆరున్నర అంటే ఏమిటో తాగుబోతు పెళ్లానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. శంకరమ్మ పద్నాలుగేళ్లు ఆ వేళకు బీడీలు చుడుతూ చెవులు మాత్రం వీధిలో పెట్టుకుని కూర్చుంది. ఆమె మొగుడు నరహరి ఆర్మూర్‌లో ఒక పసుపు గోదాంలో హమాలీ. ఎంత బరువైనా మోస్తాడు గానీ, కల్లు దుకాణం దాటి ఇంటికి రావడం మాత్రం అతని వల్ల అయ్యేది కాదు. కూతురు రుచిత ఆ గోల పడలేకే నిజామాబాద్ హాస్టల్లో చేరింది.

ఈ ఏడు నరహరి హనుమాన్ మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష. కాషాయం బట్టలు, వట్టి కాళ్లు, నేల మీద పడక. మాల వేసుకున్న మనిషి ఊరందరికీ స్వామే, కట్టుకున్న పెళ్లానికి కూడా. మొదటి వారం చేతులు వణికాయి, చాప చెమటతో తడిసింది. శంకరమ్మ దేవుడికి దండం పెట్టుకుంటూనే తలుపుకు లోపల తాళం వేసింది. ఎనిమిదో రోజుకు వణుకు తగ్గింది, ఆకలి మొదలైంది.

అది అలాంటిలాంటి ఆకలి కాదు. మాలలో ఉన్నవాళ్లు పగలు ఒక్క పూటే అన్నం తినాలి, రాత్రికి ఏదో పలారం. నరహరి ఆ ఒక్క పూటలోనే మూడు పూటల తిండీ తినేవాడు. పలారం పేరుతో డజను అరటిపండ్లు, చక్కెర కలిపిన అటుకులు, గిన్నెడు బెల్లం పరమాన్నం లాగించేవాడు. దానికి తోడు స్వాములను భిక్షకు పిలవడానికి జనం వరస కట్టారు. పిలిచినవాళ్లు వద్దన్నా వడ్డిస్తారు, పుణ్యం కదా. ఒక ఇంట్లో విస్తరి మడిచి, ఇంకో ఇంట్లో ప్రసాదం అంటూ మళ్లీ కూర్చునేవాడు. శంకరమ్మ ఆపిందా అంటే, లేదు. తాగే నోరు తింటే తప్పేమిటి అనుకుంది. పైగా అడిగినంతా వండి పెట్టింది. రెండో గిన్నె పరమాన్నం పెట్టిన రాత్రి, పెళ్లయ్యాక మొదటిసారి, గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది.

రోజూ పొద్దున స్వామి కాళ్లు కడిగి పసుపు రాసి మొక్కేది. ఇరవయ్యో రోజు కుడికాలి బొటనవేలికి చిన్న గాటు కనిపించింది. గోదాంలో వట్టి కాళ్లతో తిరిగితే ఎండిన పసుపు కొమ్ము గుచ్చుకోదా మరి. చిటికెడు పసుపు అద్దింది. పసుపు పండే ఊళ్లో పుండుకు ఇంకేం పెడతారు? మర్నాడూ అద్దింది, ఆ మర్నాడూ అద్దింది. పైన పచ్చగా ఉంటే కింద ఏం జరుగుతోందో ఎవరికి కనపడుతుంది.

ముప్పయ్యో రోజు కాలు కడుగుతుంటే వాసన వచ్చింది. పసుపంతా పోయేదాకా రుద్దింది. వేలు నల్లగా ఉంది. అంత రుద్దినా స్వామి కాలు వెనక్కి తీసుకోలేదు, అతనికి నొప్పే తెలియలేదు. శంకరమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి.

పరుగున పోయి నాలుగిళ్ల అవతల ఉండే ఆశా వర్కర్ కనకవ్వను పిలుచుకొచ్చింది. కనకవ్వ నరహరి చేతివేలికి సూది గుచ్చి, మిషన్ చూసి, నమ్మకం కుదరక మళ్లీ గుచ్చింది.

"నాలుగొందల అరవై ఉంది షుగరు. ఇయ్యాల్నే దవాఖానల చేరాలె స్వామి. వేలు ఉంటదో పోతదో డాక్టర్ చెప్తడు. ఆలస్యం జేస్తె కాలే పోతది. తీపి బంద్. గిన్నెలకు గిన్నెలు తినుడు బంద్."

"ఇంక పదకొండు దినాలే గదా. కొండగట్టు గుడికి పోయి మాల తీసినంక చేరుత," అన్నాడు నరహరి.

"అందాక కాలు నీ కోసం ఆగుతదా?" అని, కనకవ్వ శంకరమ్మ వైపు తిరిగింది. "ఎట్లన్న జేసి నువ్వే తీస్కపోవాలె."

ఎట్లా చేయాలి? స్వామిని కసరకూడదు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. తిండి ఆపితే ఆ నోరు ఊరుకుంటుందా? కాలు పోయిన మొగుడు కావాలా, తాగే మొగుడు కావాలా అని దేవుడే వచ్చి అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. తోచనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఈ నుయ్యిని మాత్రం తనే గరిటెతో తవ్వింది.

నరహరి ఎప్పటిలాగే భిక్షకు పోయాడు. శంకరమ్మ ఇంట్లో ఉన్న బెల్లం, చక్కెర, అటుకులు, అరటిపండ్లు అన్నీ మూటగట్టి కనకవ్వ ఇంట్లో పెట్టి వచ్చింది. ఆరున్నరకు అతను వంటింట్లోకి పోయి డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీశాడు.

"పరమాన్నమేది?"

"చెయ్యలే స్వామి."

"అటుకులు?"

"లేవు."

అతని చేతులు మళ్లీ వణకడం మొదలైంది. మొదటి వారం వణుకే.

"ఏదన్న పెట్టు," అన్నాడు మెల్లగా. "గీ యాళకు నోట్లె ఏదన్న పడకుంటే నాకు గా దుకాణమే కనవడుతది. తినుకుంట కూసుంటే యాళ దాటిపోతది. షుగరున్నట్టు నాకు ఎరికే. దసరప్పుడే డాక్టర్ చెప్పిండు."

"ఎరికుండి గిట్ల తిన్నవా?"

"తాగి సచ్చుడు కన్న తిని సచ్చుడు నయమనుకున్న. మాల మీద పోతే స్వామి పోయిండంటరు. రుచితను తాగుబోతోని బిడ్డ అనరు."

శంకరమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "సచ్చిన స్వామిని ఏం జేసుకోవాలె నేను? తింటే తినె, ఇంట్ల పడుంటడు గదా అని నేను గూడ పెట్టిన. నీ కాలు నేనే తిన్న. ఇంక పెట్ట."

నరహరి కుంటుకుంటూ పోయి తలుపు తీశాడు. శంకరమ్మ పెట్టను అన్న తన నోటిని తిట్టుకుంది. పరుగెత్తిపోయి మూట తెచ్చేద్దామా అని కూడా అనుకుంది. అతను గడప మీద నిలబడ్డాడు.

"దవాఖానకు పోత," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "ఒక్కన్ని పంపకు. నడిమిట్ల దుకాణముంది."

శంకరమ్మ ఉన్న చీరతోనే బయలుదేరింది. కాళ్లకు మొక్కడానికి తప్ప మాలలో ఉన్న స్వామిని ఆడవాళ్లు ముట్టుకోకూడదని తెలిసీ అతని చెయ్యి పట్టుకుంది. దారిలో ఇద్దరు స్వాములు ఎదురుపడి ఆ చేతులను చూశారు. చూస్తే చూశారు. దుకాణం దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి పుల్లటి వాసన వీధిలోకి కొట్టింది, ఎవరో నరహరిని పేరు పెట్టి పిలిచారు. అతని నడక ఆగిపోయింది.

"ఇడువకు," అన్నాడు.

ఆమె రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది. అతను ఇంకా కదల్లేదు.