హండాకు సున్నం

పొయ్యిలోకి మరో గుప్పెడు వేరుశనగ పొట్టు విసిరి కదిరమ్మ వెనక్కి జరిగింది. పొట్టు భగ్గుమని అంటుకుని అంతలోనే నీరసపడింది. పొట్టు మంట గుణమే అంత. మనిషి పక్కన కూర్చుని వేస్తూ ఉంటే మండుతుంది, లేచిందా, చల్లారుతుంది. అందుకే ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి బదరీనారాయణ ఇంటి పెరట్లో, ఆ నీళ్లింట్లో, కదిరమ్మ బతుకంతా కూర్చునే గడిచింది.

మొగుడు పోయి, కడుపున కాయ కాయక, కట్టుబట్టలతో వచ్చిన పడుచును బదరీనారాయణ తల్లి పద్మావతమ్మ లోపలికి రానిచ్చింది. "నీళ్లు కాగబెట్టు, చాలు" అన్నది. అప్పటి నుంచి ఆ ఇంట్లో పురిటి నీళ్లు, పెళ్లి నీళ్లు, జ్వరం తగ్గాక పోసే నీళ్లు, అన్నీ ఆమె చేతి మీదుగానే. పొయ్యి సెగకు కుడి ముంజేతి మీద వెంట్రుక మొలవడం మానేసింది. బిందెలు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. కళ్లు ఎప్పుడూ ఏడ్చి లేచినట్టే ఉంటాయి గానీ అది పొగ పని, ఆమె ఏడ్చే మనిషి కాదు. కుళ్లుకునే మనిషి. కోడలు ఈశ్వరమ్మ అత్త తల దువ్వినా ఓర్వలేదు, పక్కింటావిడ వచ్చి కాళ్లు పట్టినా ఓర్వలేదు. పెద్దమ్మ పద్మావతమ్మ ఒళ్లు తన సొత్తన్నట్టే ఉండేది ఆమె వాలకం.

పొయ్యి మీది రాగి హండాలో నీళ్లు సన్నగా మూలిగాయి. పద్మావతమ్మను నడిపించుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. ఎనభై దాటిన ఒళ్లు, ఎండిన చింతకాయ తొక్కలా ఉంది. ఉడుకునీళ్లలో సన్నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి చూసి, మొదటి చెంబు పాదాల మీద పోసింది.

"ఉడుకు చాల్లేదే కదిరీ."

"చాలుతుందిలేమ్మా. నిన్న ఎక్కువైందంటివి, ఈ పొద్దు చాల్లేదంటావు."

ఏ రోజూ సరిపోయిందని ఆ మహాతల్లి అనలేదు. అంటే కదిరమ్మకు బెంగ పట్టుకునేదేమో.

దీపావళి ముందు వచ్చే నీళ్లు నింపే పండుగ ఆ రోజే. సాయంత్రానికి హండాను చింతపండుతో తోమి, సున్నంతో, ఎర్రమట్టి జాజుతో చారలు గీసి, మెడకు పసుపు కొమ్ము కట్టి, బొట్టు పెట్టి, కొత్త నీళ్లు నింపుతారు. తెల్లవారుజామున ఆ నీళ్లతోనే ఇంటిల్లిపాదికీ తలంటు. బొట్టు కోడలు పెడుతుంది. సున్నం చారలు మాత్రం పద్మావతమ్మే గీయాలి, కదిరమ్మ పక్కన దీపం పట్టుకోవాలి. ఒక్క ఏడాది తప్పలేదు.

మధ్యాహ్నం కదిరమ్మ హండా తోముతుంటే కరెంటు పని చేసే నాగన్న రెండు పెట్టెలు దింపించాడు. పండుగకు నీళ్లు కాగబెట్టే కరెంటు మిషను తెస్తానని బదరీనారాయణ నెల నుంచీ అంటూనే ఉన్నాడు. ఏదో ఒకటి ఎంచుకోమని వసారాలో రెండూ పక్కపక్కన పెట్టారు. ఒకటి తెల్లగా, బొజ్జ వేసుకుని, కాపురానికి వచ్చిన శెట్టెమ్మలా ఉంది. రెండోది గోడ గడియారమంత.

"పెద్దదానికి కడుపుండాదన్నా" అన్నాడు నాగన్న. "నీళ్లు నింపుకోని, కాగబెట్టి, మీరు లేసేదాకా ఉడుగ్గా పెట్టుకోనుంటాది. చిన్నదానికి దాచుకునేది లేదు. కొళాయి తిప్పితే అప్పటికప్పుడు కాగబెట్టి ఇడుస్తాది. కాకపోతే నీళ్లు జోరుగా రావాల, కరెంటు నిండుగా ఉండాల. నన్నడిగితే మన ఊరికి పెద్దదే మేలు."

"చిన్నదైతే చోటు పట్టదు" అంది ఈశ్వరమ్మ.

బదరీనారాయణ ఎటూ తేల్చుకోలేక తల గోక్కున్నాడు. కుర్చీలో కూర్చున్న పద్మావతమ్మ, "కదిరిని అడుగు రా" అంది. "నాకు పోసేది అది గదా."

కదిరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. పెద్దదాన్ని కిందికీ మీదికీ చూసింది. నీళ్లు కడుపులో పెట్టుకుని, చల్లారనివ్వకుండా, పెద్దమ్మ ఎప్పుడు లేస్తుందా అని కాచుకుని కూర్చుంటుందట. ఇన్నేళ్లూ తాను చేసింది అదే కదా. గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ ఇదీ అదే చేస్తుందట, పొగ లేకుండా, విసుక్కోకుండా. కదిరమ్మ గుండెలో మిరపకాయ నూరినట్టయింది. సవతిని చూసినా అంత మండేది కాదు.

"చిన్నదే పెట్టించప్పా" అంది. "నిలవ నీళ్లు అమ్మకు పడవు."

ఆమెకు తెలుసు. మూడేళ్ల కరువుకు ఆ ఇంటి కొళాయి దారమంత సన్నబడింది. దీపాలు పెట్టే వేళకు బల్బు గుమ్మడి పువ్వు రంగుకు తిరుగుతుంది. చిన్నది ఆ ఇంట్లో పొద్దు గడపలేదు. గడపలేకపోతేనే గదా మళ్లీ తనను పిలిచేది.

నాగన్న చిన్నదాన్ని నీళ్లింటి గోడకు బిగించాడు. సాయంత్రం అందరూ చుట్టూ నిలబడగా బదరీనారాయణ కొళాయి తిప్పాడు. సన్నటి ధార రాలింది. ఈశ్వరమ్మ చెయ్యి పెట్టి మొహం చిట్లించింది. "గోరువెచ్చన గూడా లేవు."

"వోల్టేజీ లేదక్కా. తెల్లారుజామున బాగుంటాది, చూద్దురు" అని నాగన్న సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

కదిరమ్మకు కడుపు నిండిపోయింది. తోమిన హండా పక్కన దీపం పట్టుకుని, పెద్దమ్మ కోసం, సున్నం కోసం సిద్ధంగా నిలబడింది. ఈశ్వరమ్మ పసుపు కుంకుమలతో వచ్చింది. వచ్చి, నేరుగా గోడ దగ్గరికి పోయి, ఆ చిన్న పెట్టె మొహాన ఇంత బొట్టు పెట్టింది. దాని గొట్టానికి పసుపు కొమ్ము కట్టింది.

"హండాకమ్మా?" అంది కదిరమ్మ.

"ఇంక హండా యాల కదిరమ్మా? పండగ పోతానే అటకెక్కిచ్చేద్దాం."

తడి మీద పెట్టిన కుంకుమ పెట్టె మీద నుంచి సన్నగా కిందికి కారింది. కదిరమ్మ దీపాన్ని కింద పెట్టింది. నీళ్లింటికి ఆనుకుని ఉన్న తన గదిలోకి పోయి తలుపు దగ్గరికి లాగింది. నీళ్లు ఇయ్యకపోయినా దానికి బొట్టు. ఇన్నేళ్లు ఇచ్చినందుకు హండాకు అటక. మరి తనకేమిటో.

కొంచెంసేపటికి ఈశ్వరమ్మ వాకిట్లో నుంచి పిలిచింది. "కదిరమ్మా, అత్త రమ్మంటాంది."

"నడుము నొస్తాంది" అంది లోపలి నుంచే.

మళ్లీ కాసేపటికి గోడ అవతల నుంచి పద్మావతమ్మ గొంతే వినిపించింది. "కదిరీ." ఆ గొంతు ఎంత సన్నగా ఉన్నా ఆమెకు వినపడకుండా పోయిన రోజు లేదు. "ఒసే కదిరీ, రాకూడదా?"

రాను. గోడకు తగిలించుకున్నారు గదా, దాన్నే పిలుచుకో. దాంతోనే వీపు రుద్దించుకో. రేపు పొద్దున ఆ దారంతో ఒళ్లు తడవక, చలికి వణికి, అప్పుడు నోరారా పిలుస్తావు. అప్పుడు వస్తాను. కదిరమ్మ దుప్పటి తల మీదికి లాక్కుంది. గొంతు మరోసారి పిలిచి, ఊరుకుంది.

కోడి కూసిన వేళకు తలుపు చప్పుడైంది. తలుపు తీస్తే స్వయంగా బదరీనారాయణ. నూనె పెట్టని తల, చొక్కా లేని ఒళ్లు.

వచ్చినారే, అనుకుంది కదిరమ్మ. గెలిచినాననే అనుకుంది.

"ఏమప్పా, మీ మిషను నీళ్లు కాగబెట్టలేదా?"

"కదిరక్కా, నీళ్లు పెట్టల్ల" అన్నాడు. "అమ్మ పోయింది. లేపుదామని పోతే లెయ్యలేదు. కరెంటు నీళ్లు పోయకూడదంటాండారు పెద్దలు."

ఆమె పొయ్యి ముందు కూర్చుంది. పొట్టు విసిరింది. హండాలో నీళ్లు మూలిగేదాకా లేవలేదు. వసారాలో పీట మీద ఆనించి కూర్చోబెట్టిన పెద్దమ్మ దగ్గరికి బిందె మోసుకుపోయి, సన్నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి చూసింది. అలాంటి నీళ్లకు వేడి చూడాల్సిన పని లేదని ఎవరో అన్నారు. వినిపించుకోలేదు. మొదటి చెంబు పాదాల మీద పోసి, ఆగింది. చాల్లేదని గానీ ఎక్కువైందని గానీ అనే గొంతు కోసం ఆగింది. అప్పుడు ఏడ్చింది, పొగ లేకుండా.

కార్యం నడిచాక పక్కబట్టలు తీసుకురమ్మని ఈశ్వరమ్మ ఆమెను పెద్దమ్మ గదిలోకి పంపింది.

"రేయి నిన్నెందుకు పిలిచిందో తెలుసునా?" అంది వెనకాలే వచ్చి, చిన్న గొంతుతో. "హండాకు చారలు గీయాల, పట్టుకోని నడిపిచ్చేకి కదిరిని పిలువు అంది. నేను నడిపిస్తానత్తా అన్న్యా. నువ్వు గాదు, అది దీపం పట్టాల అంది."

కదిరమ్మ మంచం కిందికి వంగింది. అక్కడ కొబ్బరి చిప్పలో పెద్దమ్మ కలిపి పెట్టుకున్న సున్నం ఎండి, నెర్రెలిచ్చి ఉంది, చారలు గీసే చీపురు పుల్ల అందులోనే నిలబడి బిగుసుకుపోయి ఉంది.