కెమెరా వెనక గొంతు

యాకోబు గొంతు వింటే నాకు ఒళ్లు మండేది. మిర్యాలగూడలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే షాపు నాది. వాడు నా కెమెరామెన్. పెళ్లి తీసి రమ్మంటే పెళ్లివాళ్లతో ముచ్చట్లు పెట్టుకుని వచ్చేవాడు. "అమ్మా, జర గిటు సూడు. నవ్వమ్మా. పెదనాయనా, నువ్వు జర పక్కకు జరుగు." ఏ షాటు తెరిచినా వాడి లొల్లే. ఆ మాటలన్నీ తీసేసి, పైన పాట వెయ్యలేక నా ప్రాణం పోయేది.

"నోరు మూస్కొని తియ్యరాదురా సచ్చినోడా" అని తిడితే, "నేను మాట్లాడకపోతే వాళ్లు ఎట్ల నవ్వుతరక్కా? నీ మొఖం సూసి నవ్వుతరా?" అనేవాడు. అంత పొగరు వాడికి.

పోయిన నెల సూర్యాపేటలో పెళ్లి తీసి, మెమరీ కార్డు నా బల్ల మీద పెట్టి, వాళ్ల ఊరు పాలకీడుకు బండి మీద బయల్దేరాడు. దారిలో వడ్ల లారీ గుద్దింది. ఇంటికి చేరనే లేదు.

వాడి పేరు మీద చర్చిలో పెట్టే ఆదరణ కూడిక ఇంకో వారం ఉందనగా వాళ్లమ్మ ఏసమ్మ షాపుకొచ్చింది. నాటుకూ కోతకూ కూలికి పోయే మనిషి. ఉన్న ఒక్క కొడుకూ పోయాడు.

"రజితమ్మా, కూడికనాడు సంఘపోళ్లందరు వస్తరు. నా కొడుకు వీడియో తెర మీద ఎయ్యాలె."

"ఫొటోలు పెట్టి మంచి పాట ఏస్తనమ్మా."

"ఫొటోలు ఇంట్ల ఉన్నయ్ బిడ్డా. వాడు మాట్లాడాలె. అందరి పెండ్లిళ్లు తీసిండు గద, అండ్ల వాడు ఉండడా?"

తీసేవాడు ఎప్పుడన్నా వీడియోలో కనబడతాడా? వాడి ఫోను లారీ కింద నుజ్జునుజ్జయింది. పాత పెళ్లిళ్ల ఫుటేజీ హార్డ్ డిస్కు నిండగానే చెరిపేస్తాం. మిగిలినవి నేను పూర్తి చేసి ఇచ్చిన వీడియోలే. వాటిలో వాడి గొంతు ఒక్క ముక్క కూడా లేకుండా చెయ్యడమే కదా నా పని! "సూస్తనమ్మా" అని పంపించాను.

ఇక మిగిలింది సూర్యాపేట కార్డే. అది ముట్టుకోవడానికి నాకు భయం. చివరికి ఎలాగో తెరిచాను.

"ఈసారి మాట్లాడనక్కా, ఒట్టు" అని మొదటి షాటులోనే నాతో అన్నాడు. ఆ వెంటనే పెళ్లికొడుకు మేనత్తను పిలవడం మొదలుపెట్టాడు. బల్ల మీద తల పెట్టి ఏడ్చాను.

ఎప్పుడూ మాట తీసేసి మనుషులను ఉంచేదాన్ని. ఈసారి మనుషులను తీసేసి మాట ఉంచాను. పేర్లు వచ్చిన చోటల్లా కోశాను. మాటకూ మాటకూ మధ్య వాడు ఊపిరి పీల్చుకునే చోటు మాత్రం వదిలేశాను. అది కోస్తే మాట మిగులుతుంది గానీ మనిషి మిగలడు. తెర మీద వాడి ఫొటో ఒక్కటి పెట్టాను.

మర్నాడు ఏసమ్మను నా కుర్చీలో కూర్చోబెట్టి వేశాను.

"అమ్మా, జర గిటు సూడు."

ఏసమ్మ ఉలిక్కిపడింది. కొంగు సవరించుకుని తెర వైపు తిరిగింది.

"గట్ల కాదమ్మా, తల పైకెత్తు. ఆఁ, గట్ల. ఇప్పుడు నవ్వు."

తల ఎత్తింది. కళ్లనీళ్లు చెంపల మీద కారుతున్నా తుడుచుకోకుండా నవ్వింది.

"మస్తుగున్నవమ్మా. కదలకు."

వీడియో అక్కడికి అయిపోయింది. ఏసమ్మ కదలలేదు. వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, అదే నవ్వుతో కూర్చుంది. కాసేపు చూశాను. ఇక నా వల్ల కాలేదు.

"అయిపోయిందమ్మా, లెవ్వు" అన్నాను.

"నువ్వు సెప్తే కాదు బిడ్డా" అంది, నవ్వు చెదరకుండా. "వాన్ని సెప్పనియ్."