దొంగ స్ప్రింగు

జగ్గయ్యపేట బైపాసు పక్కన జగన్నాథరావు షెడ్డులో రేసు కార్ల ఇంజన్లు విప్పి కడతారు. అక్కడ ఎవరినైనా పై మెట్టు ఎక్కించాలంటే ఓనరు వాళ్ల ముందు ఒక సెట్టు వాల్వు స్ప్రింగులు పోస్తాడు. అందులో సత్తువ చచ్చిన స్ప్రింగు ఒకటి కలిపి ఉంటుంది. దాన్ని దొంగ అంటారు. దొంగను పట్టినవాడు మేస్త్రీ. పట్టలేనివాడు మళ్లీ గ్రీజు పులుముకోవలసిందే.

ఊరికే పెట్టిన ఆట కాదది. ఒక్క దొంగ ఇంజన్లోకి పోయినా, కారు మంచి ఊపు మీదున్నప్పుడు వాల్వు సమయానికి మూసుకోదు. పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. ఇంజన్ తుక్కు కింద పోతుంది.

నందిగామలో పెట్టే కొత్త షెడ్డుకు హెడ్ మెకానిక్ కావాల్సి వచ్చింది. ఆ మనిషికి షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు కూడా ఇస్తారు. అందరికంటే పాతకాపు నెహెమ్యా. ఆ ఉద్యోగం తనదే అనుకున్నాడు. అనుకుని ఊరుకోక ఇంట్లో చెప్పేశాడు, పిచ్చి మారాజు. రేకుల కింద ఎండలకు వేగిపోయిన భార్య కరుణ అప్పుడే గిన్నెలు గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది.

పోటీకి నిలబడ్డవాడు ఓనరు మేనల్లుడు రవితేజ. షెడ్డుకొచ్చి ఏడాది తిరగలేదు. ఆదివారం అందరినీ పిలిచి, అక్కడ ఇంజన్ కట్టించుకునే రేసు కారు యజమాని సతీష్‌బాబును కుర్చీలో కూర్చోబెట్టి, జగన్నాథరావు స్ప్రింగులు బల్ల మీద పోశాడు. రవితేజ ముందు వచ్చాడు. రెండు స్ప్రింగులు బిగువు కొలిచే టెస్టరులో పెట్టి నొక్కి, చేతులు తుడుచుకుని, అన్నీ బాగున్నాయన్నాడు. నెహెమ్యాకు లోలోపల నవ్వొచ్చింది.

తన వంతు రాగానే ఒక్కొక్కటే టెస్టరులో నిలబెట్టి, పిడి గీత దాకా దించి, డయలు చూశాడు. ముల్లు ప్రతిసారీ అదే చోట ఆగింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అంతే. చొక్కా తడిసిపోయింది. చివరికి ఒకదానికి ముల్లు వెంట్రుకవాసి కింద ఆగినట్టనిపించింది. అంత తేడా ఏ కొత్త సెట్టులోనైనా ఉంటుందని అతనికి తెలుసు. ఇంకెవరైనా తెచ్చి అడిగితే, వేసెయ్యరా ఏం కాదు అనేవాడే. కానీ దొంగ ఉండి తీరాలిగా. దొంగ లేని పరీక్ష ఆ షెడ్డులో జరిగిందెప్పుడు? తన చేతిని కాదని ఓనరు అలవాటునే నమ్మాడు.

"ఇదేనండి," అన్నాడు.

జగన్నాథరావు కడుపు పట్టుకుని నవ్వాడు. ఈసారి దొంగనే కలపలేదట. ఆ సెట్టు పొద్దున విప్పిన కొత్త డబ్బాలోదట. షెడ్డంతా గొల్లుమంది. సతీష్‌బాబు ఫోను తీసి, ఆ స్ప్రింగు మళ్లీ ఒకసారి పైకెత్తి చూపించమన్నాడు. నెహెమ్యా ఎత్తి చూపించాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"రవిబాబు రెండే నొక్కాడండి," అన్నాడు నెహెమ్యా.

"రెండే నొక్కి నిజం చెప్పాడు. నువ్వు అన్నీ నొక్కి అబద్ధం చెప్పావు," అన్నాడు ఓనరు.

 రవితేజకు అక్కడే దండ వేశారు.

జనం వెళ్లిపోయాక నెహెమ్యా కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటుంటే జగన్నాథరావు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"సోమవారం నుంచి నువ్వూ నందిగామ పోరా. మావాడు కట్టే ప్రతి ఇంజనుకీ స్ప్రింగులు నువ్వే చూడు. వాడు రెండే నొక్కుతాడని నాకు తెలీదా?"

నెహెమ్యా చేతులు తుడుచుకున్నాడు. మరి ఇల్లు సంగతేంటని అడిగాడు.

"ఇల్లు హెడ్ మెకానిక్‌ది కదరా. నువ్వు బస్సులో వచ్చిపో."

"సరేనండి," అన్నాడు నెహెమ్యా.

ఇంటికి వెళ్లేసరికి కరుణ గోనెసంచి మూతి కుట్టేసి, దాన్ని ఆనుకుని కూర్చుని ఉంది. వెళ్లడం ఎప్పుడని అడిగింది.

"సోమవారమే," అన్నాడు.