తొక్కని చోటు

విల్లా టివోలీ అపార్ట్‌మెంట్స్ ఫౌంటెన్‌లో నీళ్ళు నెత్తుటి రంగులో ఉన్నాయి, రంగుచేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. పంపు ఆన్ చేయబోయిన జయరాజు చెయ్యి స్విచ్ మీదే ఆగిపోయింది.

జెర్సీ సిటీలో ఆ అపార్ట్‌మెంట్ల మధ్య తోటను ఇటలీ తోటల తీరులో కట్టారు. నిటారు సైప్రస్ చెట్లు, కుండీల్లో నిమ్మచెట్లు, రాతి సింహం నోట్లోంచి దూకే నీళ్ళు. వేసవి సాయంత్రాల్లో జనం గట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ, "వీసా లేకుండా ఇటలీ వచ్చేశాం" అని ఫొటోలు దిగేవారు. ఆ గట్టు రోజూ తోమేది జయరాజు. దాని మీద ఒక్కసారీ కూర్చోలేదు.

అంచున ఎర్రటి చార. వేలితో రాసి వాసన చూశాడు. పసుపు, సున్నం. భీమవరంలో పక్కింటివాళ్ళు తీసే దిష్టినీళ్ళే. ఒళ్ళు మండిపోయింది.

మేనేజర్ స్రవంతి దిగింది. "క్లోరిన్ ఎక్కువ వేసేశారా, జయరాజుగారూ?"

"క్లోరిన్ ఎర్రగా ఉంటుందా మేడమ్? ఎవరో దిష్టి తీసి పోశారు."

"హెడ్డాఫీస్‌కి దిష్టి అని రిపోర్ట్ పెట్టనా? నా జాబ్ కూడా పోద్ది. సాయంత్రంలోగా ఎవరో చెప్పండి, మీ జాబ్ సేవ్ చేస్తాను."

తెలుగువాళ్ళ తలుపులన్నీ కొట్టాడు. "మీ చర్చ్‌వాళ్ళకి దిష్టి గోల ఎందుకండీ?" అని నవ్వింది ఒకావిడ. కొడుకు దగ్గరికొచ్చిన రిటైర్డ్ పెద్దమనిషి ఆంజనేయప్రసాద్ తలుపు సందులోంచే తల అడ్డంగా ఊపాడు. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

సాయంత్రం జయరాజు చేపల్ని వలతో తీసి పాతిపెట్టి, తాళాలు స్రవంతి బల్ల మీద విసిరికొట్టి బయటికి నడిచాడు. గేటు దగ్గర ఆంజనేయప్రసాద్ ఎదురొచ్చాడు.

"జయరాజూ, పోసింది నేనేనయ్యా."

జయరాజు పిడికిలి బిగిసింది. "పొద్దున ఏమైందండీ ఈ నోరు?"

"మనవరాలు హాస్పిటల్ నుంచి వచ్చింది. ఎవరూ తొక్కనిచోట పోయమంది మా ఆవిడ. ఈ దేశంలో అలాంటి చోటేదీ? లాన్‌లో కుక్కలు, పార్కింగ్‌లో కార్లు. నీళ్ళ మీద ఎవడు నడుస్తాడులే అనుకున్నా. మిగిలిన సున్నం డబ్బా కూడా అందులోనే కడిగేశా. ఆ మేనేజరమ్మాయి నిన్ను నిలదీస్తుంటే బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నానయ్యా. కాఫీ తాగి దిగుదామనుకున్నా. తాగాక, నీ అంతట నువ్వే సర్దుకుంటావులే అనిపించింది."