పటిక నీళ్ల బొమ్మ

యశోదమ్మ సిస్టరు నోటికి చిత్తూరులో మా ఆస్పత్రి మొత్తం వణికేది. సూది కన్నా ముందు ఆమె మాటే గుచ్చుకునేది. ఒక రోగి పెళ్లాం ఫిర్యాదు చేస్తే పెద్ద డాక్టరు పద్మనాభ్ గారు ఆమెను పిలిచి, ఇంకొక్క ఫిర్యాదు వస్తే సత్యవేడు బ్రాంచికి పంపేస్తానన్నారు. తాను పోతే మంచం పట్టిన అత్తను ఎవరు చూస్తారని ఆమె బెంగ.

అప్పుడే పెద్ద డాక్టరు మద్రాసులో ఏదో మీటింగుకు వెళ్లొచ్చారు. రోగులకు సేవ చేసేవాళ్ల మనసు బరువు బొమ్మలు గీస్తే దిగుతుందని అక్కడ చెప్పారట. ఇంకో ఇద్దరు నర్సులను పెడితే ఇంకా తొందరగా దిగుతుందని ఎవరూ చెప్పలేదు కాబోలు. శ్రీకాళహస్తి నుంచి కలంకారీ పనివాడు ధనంజయను పిలిపించారు. శుక్రవారం మధ్యాహ్నం అందరూ నేల మీద కూర్చుని గీయాలి. మంచాలు తోసే నేను కూడా.

కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డలు ఇచ్చాడు ధనంజయ. మనుషుల కన్నా ఈగలకే ఉత్సాహం ఎక్కువ. పటిక నీళ్లలో కలం ముంచి గీయమన్నాడు.

"ఏమప్పా, గీసింది గీసినట్టే మాయమైపోతాండాదే?" అంది యశోదమ్మ.

"ఆరితే కనపడదుమా. గీస్తా పోండి."

అంతే చెప్పాడు. తాతల నాటి పని కదా, ఆ తర్వాత జరిగేది లోకానికంతా తెలుసనుకున్నాడు.

కనపడదనగానే ఆమె ముఖం వెలిగింది. పెద్ద డాక్టరు బొమ్మ వేసింది. బట్టతల, కళ్లజోడు, బుర్రమీసం, మెడలో స్టెతస్కోపు, పైన గాడిద చెవులు.

"సూడు గోవిందూ, పానానికి ఎంత సుకంగా ఉండాదో!"

"తోక కూడా పెట్టు సిస్టరమ్మా," అన్నాను.

పెట్టింది. ఆ వారమంతా ఆమె ఎవరినీ తిట్టలేదు. తమ జబ్బు ముదిరిపోయిందేమోనని రోగులే హడలిపోయారు.

మరుసటి శుక్రవారం ధనంజయ వంటశాల వెనక పొయ్యి మీద గంగాళం పెట్టి, ఎర్రరంగు చెక్కలు వేసి గుడ్డలన్నీ ముంచాడు. పెద్ద డాక్టరు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"ఇదేందప్పా ఉడకబెడతాండావు?" అంది యశోదమ్మ.

"పటిక పడిన చోటంతా ఎరుపు పట్టుకుంటాదిమా. ఇంక ఉతికినా పోదు."

ఆమె గోడ పట్టుకుంది. "సత్యవేడు బస్సు యాడ ఎక్కాల గోవిందూ?" అని గొణిగింది.

ధనంజయ కట్టెతో గుడ్డ పైకెత్తాడు. ముందు చెవులు బయటపడ్డాయి. తర్వాత మీసం. ఆఖరికి తోక.

పెద్ద డాక్టరు కళ్లజోడు సవరించుకున్నారు. "ఎవురు ఇది?"

"గోవిందు సార్!" అంటూ యశోదమ్మ నన్ను ముందుకు తోసింది.

నాకు తలనిండా జుట్టు. కళ్లజోడు లేదు. మీసం నాలుగు వెంట్రుకలు. ఆయన నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూశారు.

"అచ్చం దిగినాడే! ఆ మొద్దు మొగం సూడండి!"

వెనక నుంచి యశోదమ్మ గిల్లింది. "అవును సార్, నేనే," అన్నాను.

"మరి మెడలో స్టెతస్కోపు ఎందుకు?"

"ఆశ సార్. సదువుకొని ఉంటే మీ మాదిరే ఉందును."

ఆయనకు కళ్లు చెమర్చాయి. బొమ్మకు ఫ్రేము కట్టించి ఓపీ హాల్లో పెట్టించారు.

ఇప్పుడు రోగులు గోడను చూస్తారు, ఎదురొచ్చే పెద్ద డాక్టరును చూస్తారు, తువ్వాలు నోట్లో కుక్కుకుంటారు. బొమ్మల వల్లే జనం ఇంత సంతోషంగా ఉన్నారనుకుని ఆయన సత్యవేడు మాటే ఎత్తడం మానేశారు. యశోదమ్మ మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది. తను పిలిచినా పలకకుండా నేను పోతుంటే, "అంతేసి చెవులు పెట్టుకోని ఇనపడలేదా?" అని మొదటి తిట్టు నాకే.